పాత కంప్యూటరు - కొత్త ఆటలు

మగ్గము గల యింటిలో చట్రము ఒక తరము నుండి మరియొక తరమునకు వచ్చును. దాని మీది సరంజామా మాత్రము కాలమును బట్టి మారుచుండును. చీరాల, పేరాల నేతగాండ్రకు ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. చేతితో ఇటు నుండి అటు విసరెడి నాడెకు బదులు, త్రాడు లాగినంతనే పరుగెత్తెడి నాడెను 1733 లో ఇంగ్లండు దేశమున జాన్ కే అనునతడు కనిపెట్టినాడు. అది మన దేశమునకు వచ్చినప్పుడు గుంట మగ్గములను పూడ్చివేయలేదు; ఉన్న మగ్గమునకే దానిని తగిలించుకొన్నారు. 1804 లో ఫ్రాన్సులోని లియాన్ పట్టణమున జోసెఫ్ మేరీ జాకార్డు రూపొందించిన యంత్రము సంగతియు అంతే. నిజమునకు అది మగ్గము కాదు. మగ్గము మీద అమర్చుకొను ఉపకరణము. చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా కదలుచు, ఏ పోగు లేవవలెనో, ఏ పోగు లేవరాదో నిర్ణయించును. నేటికిని మన నేతగాండ్రు దానిని జాకార్డు అనియే పిలుచుచున్నారు.

కంప్యూటరు ఆటలను గూర్చి చెప్పబోవుచు మగ్గముతో ఆరంభించుటకు రెండు కారణములు కలవు. మొదటిది వంశమునకు సంబంధించినది. చిల్లుల అట్టల ద్వారా యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఉపాయమును 1830 ల దశకములో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రపు ఊహలో చేర్చుకొన్నాడు. 1890 లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చినాడు. ఆయన పెట్టిన వ్యాపారము మరికొన్నిటితో కలిసి, 1924 నాటికి ఐబీఎం అను పేరు ధరించినది. ఆ కంపెనీ పేరు ఈ కథలో మరల వచ్చును.

రెండవ కారణము మన యిండ్లకు సంబంధించినది. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, అద్దంకి ప్రాంతములలో ఎన్నో యిండ్లలో పదేండ్ల క్రిందట పెద్దవాని ఇంజనీరింగు చదువు కొరకు కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి బల్ల మీద నున్నది. చదువు ముగిసి పెద్దవాడు హైదరాబాదో, బెంగుళూరో వెళ్ళినాడు. ఇప్పుడు చిన్నవాడు దాని మీద కొత్త ఆట నొకదానిని ఎక్కించగా బొమ్మ తడబడుచున్నది. ఆగి ఆగి కదలుచున్నది. "ఇది పనికిరాదు నాన్నా, కొత్తది కొందాము" అని వాని మాట. "నిక్షేపముగా నడచుచున్న దానిని పారవేయమందువా?" అని తండ్రి మాట. మిరపకు యార్డులో ధర పలుకని యేడు, ప్రత్తికి పురుగు పట్టిన యేడు ఈ వాదము మరింత బరువెక్కును. ఈ తగవులో న్యాయము ఎవరి పక్షమున నున్నదో తేలవలెనన్న, ఆ పెట్టె ఎట్లు పుట్టినదో, విప్పి మార్చుకొనుటకు వీలుగా ఎందుకు పుట్టినదో కొంత తెలిసికొనవలెను.

తొలినాటి కంప్యూటరులు యజమాని విప్పి చూచుకొనునవి కావు. అవి గదులు నిండిన యంత్రములు. ప్రభుత్వ శాఖలకు, పరిశోధనాలయములకు, పెద్ద కంపెనీలకు మాత్రమే అందునవి. తెలుగువారి గడ్డ మీద ఈ చరిత్రకు ఒక ముఖ్యమైన మలుపు 1967 ఏప్రిలులో వచ్చినది. ఆ నెలలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొన్నది. దానికి ఆదిలో సారథ్యము వహించిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించినవారు. 1969 లో వెలువడిన టీడీసీ-12 మన దేశములో తయారైన తొలి కంప్యూటరులలో ఒకటి. కాని అది గృహస్థుని యింటికి వచ్చు వస్తువు కాదు. విదేశపు యంత్రముల విషయమున ఆంక్ష మరియు ఎక్కువ. ఐబీఎం కంపెనీ తన యంత్రములను చాలవరకు అద్దెకిచ్చెడిది. యంత్రము కంపెనీది, దాని మూత విప్పు అధికారము కంపెనీ మనిషిది. 1978 లో ఆ కంపెనీ మన దేశము నుండి తన వ్యాపారమును ఎత్తివేసికొనిపోయినది.

మూడేండ్ల తరువాత, 1981 ఆగస్టు 12 న, అదే కంపెనీ అమెరికాలో ఒక చిన్న యంత్రమును విడుదల చేసినది. దాని పేరు పర్సనల్ కంప్యూటరు. ఫ్లోరిడా రాష్ట్రమున డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వమున నొక చిన్న బృందము సుమారు ఒక్క సంవత్సరములో దానిని సిద్ధము చేసినది. అంత తక్కువ వ్యవధిలో ప్రతి భాగమును సొంతముగా తయారుచేయుట సాధ్యము కాదు. కనుక ప్రాసెసరును ఇంటెల్ వద్దను, నడిపించు సాఫ్టువేరును మైక్రోసాఫ్ట్ వద్దను తీసికొన్నారు. లోపలి పలక మీద అయిదు స్లాట్లు ఖాళీగా ఉంచినారు. ఏ కార్డు కావలసినవారు ఆ కార్డును వాటిలో గ్రుచ్చుకొనవచ్చును. అంతేకాక, యంత్రపు వైరింగు పటములతో సహా సాంకేతిక వివరములను పుస్తకముగా అచ్చువేసి అమ్మినారు. ఎవరు కార్డు తయారుచేసినను ఆ స్లాటులో పట్టవలెను, పనిచేయవలెను. ఇదియే దాని అంతరార్థము. 1982 నవంబరులో కాంపాక్ అను కంపెనీ అచ్చముగా అటువంటి యంత్రమునే తాను చేసి ప్రకటించినది. 1984 నుండి ఆ యంత్రమునకు ప్రాణమువంటి ప్రారంభ ప్రోగ్రామును సైతము ఇతరులు విడిగా అమ్మసాగినారు. దానితో ఆ పెట్టె ఒక్క కంపెనీ సొత్తు కాకపోయినది.

రేడియో గల కుటుంబములకు ఈ సూత్రము కొత్తది కాదు. 1948 డిసెంబరు 1 న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాడు మన పల్లెలలో వినిపించినవి వాల్వు సెట్లే. వాల్వు మాడిపోయిన నాడు సెట్టును పారవేయలేదు. వెనుక అట్ట విప్పి, మాడిన దానిని పీకి, అదే నంబరు గల వేరొక వాల్వును సాకెట్టులో గ్రుచ్చినంతనే సెట్టు మరల పాడెడిది. నంబరు కలియనిచో మాత్రము ఎంత ఖరీదైన వాల్వు తెచ్చినను ప్రయోజనము లేదు. కంప్యూటరు విషయమున గూడ ఈ రెండు నియమములే నేటికిని చెల్లుచున్నవి. సాకెట్టు ఉన్నచోట మార్పునకు అవకాశము కలదు. సాకెట్టు కలియనిచోట కొత్త భాగము వ్యర్థము.

మన దేశమున 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటరు విధానము దిగుమతుల మీది సుంకములను, ఆంక్షలను సడలించినది. గుంటూరు మండలములో ఆ సరికే చదువుల పక్షమున పొలము దున్ని యుంచినట్లయినది. 1976 లో నాగార్జున విశ్వవిద్యాలయము, 1980 లో వడ్డేశ్వరమున కోనేరు లక్ష్మయ్య ఇంజనీరింగు కళాశాల, 1981 లో బాపట్ల ఇంజనీరింగు కళాశాల, 1985 లో గుంటూరు చెంత చౌడవరమున ఆర్.వీ.ఆర్. అండ్ జే.సీ. కళాశాల వెలసినవి. పొగాకు, మిరప, ప్రత్తి పండించిన కుటుంబముల బిడ్డలు ఈ కళాశాలలలో కంప్యూటరును తొలిసారి తాకినారు. 1997 లో ప్రపంచ వాణిజ్య సంస్థ నీడన కుదిరిన సమాచార సాంకేతిక వస్తువుల ఒడంబడికలో భారతదేశము చేరుటతో, అటు పిమ్మట కొన్ని యేండ్లలో కంప్యూటరు భాగముల మీద సుంకము క్రమముగా తగ్గి లేకుండ పోయినది. విడిభాగములు తెచ్చి కూర్చిన కంప్యూటరుకు మనవారు 'అసెంబుల్డ్' అని పేరు పెట్టినారు. విజయవాడ అంగళ్ళలోను, సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులోను మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, క్యాబినెట్ ఒకచోట బేరమాడి కొనుట అలవాటయినది. జాకార్డు పెట్టెను వేరుగా కొని మగ్గమునకు బిగించుకొన్న ప్రాంతమునకు ఇది వింతగా తోచలేదు.

ఇక ఆటల ప్రసక్తి. కంప్యూటరు మీద ఆటలనగానే పెద్దలు పెదవి విరుతురు. కాని ఈ యంత్రపు వేగమును పెంచిన ప్రధాన శక్తులలో ఆట ఒకటియని చరిత్ర చెప్పుచున్నది. ఆఫీసు లెక్కలకును, ఉత్తరములు టైపు చేయుటకును యంత్రము కొంత నెమ్మదిగా నున్నను పని జరిగిపోవును. ఆటకు ఆ ఓర్పు లేదు. మీట నొక్కిన క్షణమున బొమ్మ కదలవలెను. 1962 లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున విద్యార్థులు లక్షల రూపాయల విలువ గల పీడీపీ-1 అను యంత్రము మీద అంతరిక్ష యుద్ధపు ఆటను కల్పించినారు. 1981 నాటి పర్సనల్ కంప్యూటరులో రంగుల బొమ్మ కావలెనన్న, అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలతో, ఒకేసారి నాలుగు రంగులే లభించెడివి. ధ్వని యనగా కీచుమను చిన్న స్పీకరు మాత్రమే. 1987 లో 256 రంగులు చూపగల వీజీఏ పద్ధతి వచ్చినది. ఆ సంవత్సరముననే సంగీతము కొరకు ఆడ్‌లిబ్ కార్డు, 1989 లో సింగపూరు నుండి క్రియేటివ్ కంపెనీ వారి సౌండ్ బ్లాస్టర్ కార్డు వెలువడినవి. ఈ కార్డులు గ్రుచ్చినది ఎక్కడ? 1981 లో ఖాళీగా వదలిన ఆ స్లాటు వంశమునకు చెందిన స్లాట్లలోనే.

1993 డిసెంబరులో వెలువడిన డూమ్ అను ఆటకు 386 జాతి ప్రాసెసరును, 4 ఎంబీ మెమరీయును ఉండితీరవలెను. హాయిగా నడువవలెనన్న 486 కావలెను. ఆట కొరకే మెమరీ ముక్కలను అదనముగా కొన్నవారు ఆనాడు లోకమంతట కలరు. 1996 లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ విడుదల చేసిన వూడూ కార్డు ఈ చరిత్రలో విశేషముగా చెప్పుకొనదగినది. ఏలయనగా, అది ఉన్న గ్రాఫిక్స్ కార్డును తొలగింపలేదు. దాని ప్రక్కనే మరియొక స్లాటులో కూర్చుండి, వెనుక నుండి చిన్న తీగ ద్వారా పాత కార్డుతో కలిసి, ఘనరూపముల బొమ్మను గీయు బరువు పని వచ్చినప్పుడు మాత్రము తాను అందుకొనెడిది. జాకార్డు మగ్గము మీద కూర్చున్నట్లే యనవచ్చును. 1999 లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 అను కార్డుతో, బొమ్మకు సంబంధించిన లెక్కలలో మరికొంత భాగమును ప్రాసెసరు భుజముల నుండి దించినది. నేడు ఎన్విడియా, ఏఎండీ అను రెండు గ్రాఫిక్స్ కంపెనీలకును హైదరాబాదులో రూపకల్పన కేంద్రములు కలవు. వానిలో పనిచేయు తెలుగు ఇంజనీర్లు ఎందరో కలరు.

మన పట్టణములలో ఈ అలను ఇంటింటికి చేర్చినవి నెట్ సెంటరులు. 2000 తరువాతి సంవత్సరములలో గంటకింతయని చెల్లించి, వరుస కంప్యూటరుల మీద కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, రోడ్ రాష్ ఆడిన పిల్లలు నేడు గృహస్థులైనారు. అప్పటి నెట్ సెంటరు యజమానులకు ఒక విద్య తప్పనిసరిగా పట్టుబడెడిది: ఏ యంత్రము ఎందువలన నెమ్మదించినదో గుర్తించి, ఆ ఒక్క భాగమును మార్చి, మిగిలిన దానిని అట్లే నడిపించుట. ఆ విద్యయే ఇప్పుడు మన ప్రశ్నకు తాళపుచెవి.

దానిని మన మెట్ట రైతులకు అర్థమగు భాషలో చెప్పవచ్చును. 1955 డిసెంబరు 10 న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు నుండి 1967 ఆగస్టు 4 న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలినారు. కుడికాలువ నీరు గుంటూరు సీమను దాటి ఒంగోలు ప్రాంతము దాకా పారవలెను. ఎగువ తూము ఎంత వెడల్పు చేసినను, నడుమ మేజరు పూడి యున్నచో చివరి భూములకు చేరు నీరు ఆ పూడిక వదలినంత మాత్రమే. చివరి ఆయకట్టు రైతు దీనిని పుస్తకములో చదువలేదు. ఎండిన చేలో నిలిచి నేర్చుకొన్నాడు. విచిత్రమేమనగా, అదే 1967 వ సంవత్సరమున అమెరికాలో జీన్ ఆమ్‌డాల్ అను కంప్యూటరు శిల్పి యొక సభలో ఇటువంటి విషయమునే లెక్క రూపమున ప్రతిపాదించినాడు. ఒక పనిలో కొంత భాగమును ఎంత త్వరపరచినను, త్వరపరుపలేని తక్కిన భాగమే మొత్తము లాభమునకు హద్దు గీయునని దాని సారాంశము.

ఒక ఉదాహరణ తీసికొందము. ఒక ఆట తెరచుకొనుటకు 60 సెకండ్లు పట్టుచున్నదనుకొనుడు. అందులో 50 సెకండ్లు పాత హార్డ్ డిస్కు నుండి సమాచారమును చదువుటకును, 10 సెకండ్లు ప్రాసెసరు లెక్కలకును పోవుచున్నవి. ప్రాసెసరును రెండింతలు వేగము గలదానిగా మార్చినచో మొత్తము 55 సెకండ్లకు దిగును. డబ్బు ఎక్కువ, లాభము తక్కువ. డిస్కు స్థానమున అయిదింతల వేగముతో చదువు ఎస్ఎస్‌డీ పెట్టినచో 20 సెకండ్లకు దిగును. ఐతే ఆట నడచునప్పుడు లెక్క వేరు. కన్నులకు నున్నగా కనబడవలెనన్న సెకండుకు 60 బొమ్మలు కావలెను. అనగా ఒక్కొక్క బొమ్మకు సెకండులో అరువదవ వంతు మాత్రమే గడువు. గ్రాఫిక్స్ కార్డు సెకండుకు 100 బొమ్మలు గీయగలిగినను, ప్రాసెసరు 35 బొమ్మలకే సరంజామా అందింపగలిగినచో కనబడునవి 35 మాత్రమే. ఇక్కడ కార్డును మార్చినవాడు ఎగువ తూమును వెడల్పు చేసినవాడే యగును. మార్చవలసిన భాగము అన్నింటికంటె పాతది కాదు, అన్నింటికంటె చౌకది కాదు, పిల్లవాడు ప్రకటనలో చూచినది అసలే కాదు; పని ఎక్కడ నిలిచిపోవుచున్నదో ఆ భాగము. ఆట నడచుచుండగా ఏ భాగము నూటికి నూరు పాళ్ళు శ్రమించుచున్నదో, ఏది ఖాళీగా నున్నదో కంప్యూటరే తన పట్టికలో చూపును. ఆ పట్టికను చూడకుండ అంగడికి పోరాదు.

డబ్బు ఖర్చు లేని పనులు మొదట చేయవలెను. మన సీమలో జిన్నింగు మిల్లుల దూది నుసి, ఎఱ్ఱనేల దుమ్ము, వేసవిలో రెంటచింతల వంటి చోట్ల నిప్పులు చెరుగు ఎండ కలవు. క్యాబినెట్ లోని ఫ్యానులకు, ప్రాసెసరు మీది లోహపు రెక్కలకు దుమ్ము పట్టినచో వేడి బయటకు పోదు. వేడి హద్దు మీరినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తానే తగ్గించుకొనును. అప్పుడు ఆట తడబడును. యజమాని యంత్రము ముసలిదైనదని తలచును. కరెంటు తీసివేసి, దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది రాసినంతనే పోయిన వేగము తిరిగి వచ్చిన యంత్రములు ఎన్నో కలవు. రెండవ ఉచిత ఉపాయము చుక్కల సంఖ్యను తగ్గించుట. 1920 అడ్డము, 1080 నిలువు గల తెరకు 20,73,600 చుక్కలు. 1366 అడ్డము, 768 నిలువు గల బొమ్మకు 10,49,088 చుక్కలు. ఆటలో ఈ రెండవ కొలతను ఎన్నుకొన్నచో గ్రాఫిక్స్ భాగము మీది బరువు సుమారు సగమగును.

పిమ్మట కొనుగోళ్ళు. మన యిండ్లలోని పాత డెస్క్‌టాపులలో చాలవానికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసరులో ఇమిడియున్న చిన్న భాగమే బొమ్మను గీయును. అది ప్రధాన మెమరీనే పంచుకొనును. అటువంటి యంత్రములో 8 జీబీ ఒక్క ముక్కగా నుండుటకంటె నాలుగేసి జీబీల రెండు ముక్కలుగా నుండుట మేలు. అప్పుడు రెండు బాటల మీదుగా సమాచారము నడచును. ర్యామ్ కొనునప్పుడు జాతి చూడవలెను. డీడీఆర్3 జాతి 2007 లోను, డీడీఆర్4 జాతి 2014 లోను విపణిలోనికి వచ్చినవి. వీని గంట్లు వేర్వేరు చోట్ల నుండుటచే ఒకదాని గాడిలో మరియొకటి కూర్చుండదు. వాల్వు నంబరు కలియకుండుట వంటిదే యిది.

గ్రాఫిక్స్ కార్డు విషయమున మాత్రము 2003 లో రూపొందిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతి గొప్ప మేలు చేసినది. తరములు మారినను స్లాటు ఆకారము మారలేదు. కొత్త కార్డు పాత స్లాటులో, తగ్గిన వేగముతోనైనను, సాధారణముగా పనిచేయును. కాని ఇక్కడ కరెంటు లెక్క కలదు. ఆ స్లాటు 75 వాట్ల వరకే అందించును. అంతకంటె ఎక్కువ కోరు కార్డునకు ఎస్ఎంపీఎస్ నుండి వేరుగా తీగ కావలెను. కంపెనీలు తయారుచేసి యిచ్చిన చిన్న క్యాబినెట్లలో ఆ తీగయు ఉండదు, పొడవైన కార్డునకు చోటును ఉండదు. 2016 లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ వంటి కార్డు 75 వాట్లతోనే నడచుటచే ఇటువంటి పాత పెట్టెలకు చిరకాలము ఆదరువైనది. నాసిరకపు ఎస్ఎంపీఎస్ మీద పెద్ద కార్డు నెక్కించుట, బలహీనమైన వైరింగు మీద అయిదు గుఱ్ఱపు శక్తుల మోటారు పెట్టుట వంటిది. కార్డు పోవుటయే కాదు, మదర్‌బోర్డును వెంట తీసికొనిపోవచ్చును.

ప్రాసెసరు మార్పు అన్నింటికంటె కష్టము. ఇంటెల్ సాకెట్లు 2011, 2013, 2015, 2020, 2021 లలో మారుచు వచ్చినవి. సాకెట్టు మారినచో మదర్‌బోర్డు, తరచుగా ర్యామ్ గూడ మార్చవలెను. అప్పటికి పాత యంత్రములో మిగులునది కొంత మాత్రమే. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టు దీనికి భిన్నముగా దీర్ఘాయువు గాంచినది. 2017 లో కొన్న అనేక బోర్డులలో, ప్రారంభ ప్రోగ్రామును నవీకరించిన పిదప, 2022 నాటి ప్రాసెసరు సైతము కూర్చున్నది. సాకెట్టును నిలుపుట తయారీదారుని చేతిలోనున్న ధర్మమని ఈ రెండు చరిత్రలును పోల్చిచూచిన తెలియును.

ఇంత చెప్పిన పిదప తండ్రి పక్షమే న్యాయమని తేల్చుట తొందరపాటగును. పాత చట్రమునకు గూడ హద్దు కలదు. 2015 లో వచ్చిన విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14 తో ముగిసినది. 2021 లో వచ్చిన విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతా భాగమును కోరును. ఇంటెల్ ప్రాసెసరులలో సాధారణముగా ఎనిమిదవ తరమునకు ముందటి వానిని అంగీకరింపదు. యంత్రము చెడలేదు, సాకెట్టు పోలేదు. అయినను గుమ్మము వద్ద నిలిపివేసినారు. లినక్స్ అను ఉచిత పద్ధతికి మారుట ఒక దారి. 2018 లో వాల్వ్ కంపెనీ విడుదల చేసిన ప్రోటాన్ సహాయమున విండోస్ ఆటలు అనేకము దాని మీద నడచును. కాని మోసములను పట్టుటకు కాపలా ప్రోగ్రాములు పెట్టుకొన్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు అక్కడ అడుగు పెట్టనీయవు. దీనికి తోడు, 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రములు మెమరీ చిప్పులను విస్తారముగా కొనుటచే ర్యామ్ ధరలు లోకమంతట పెరిగినవి. ఎక్కడనో వెలసిన యంత్రశాలల ఆకలి నరసరావుపేట అంగడిలోని ధరపట్టికను మార్చినది. మిరప ధర దూరదేశపు గిరాకీని బట్టి ఎగిరి పడుటను చూచినవారికి ఇది ఆశ్చర్యము కాదు.

కనుక తీర్పు ఇట్లుండవలెను. ఒక్క భాగమును మార్చుటచే నిలిచిన ప్రవాహము కదలునట్లున్నచో, ఆ భాగము మరియొక పెట్టెలో గూడ పనికివచ్చునదైనచో, మార్చుట తెలివి. ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, మంచి ఎస్ఎంపీఎస్ ఈ కోవకు చెందును. రేపు కొత్త కంప్యూటరు కొన్నను ఇవి వెంట వచ్చును. ఒకదానిని మార్చుటకు మూడింటిని మార్చవలసి వచ్చినచో, డీడీఆర్3 వంటి గతించిన జాతి మీద మరల పెట్టుబడి పెట్టవలసినచో, అబ్బాయి మాట వినుట తెలివి. అప్పుడైనను పాత పెట్టెను చెత్త కుప్ప మీద వేయరాదు. దానిలో సీసము వంటి విషపదార్థములు కలవు. తీగలను బయట కాల్చినచో ఆ పొగ ఊరి ఊపిరిలో చేరును. 2022 లో ప్రకటించి 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి తెచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు, వీనిని శాస్త్రీయముగా పునర్వినియోగము చేయించు బాధ్యతను తయారీదారుల మీద ఉంచినవి. నమోదైన సంస్థలకు అప్పగించుట ఒక మార్గము. ఉత్తరములు వ్రాసికొనుటకు, లెక్కలు చేసికొనుటకు చాలినంత శక్తి యున్న యంత్రమును, లినక్స్ ఎక్కించి, చదువుకొను మరియొక బిడ్డకిచ్చుట అంతకంటె మంచి మార్గము.

1981 లో అయిదు స్లాట్లు ఖాళీగా వదలినవారు వానిలో ఏమేమి కూర్చుండునో ముందుగా ఎరుగరు. ధ్వని వచ్చినది, రంగు వచ్చినది, ఘనరూపముల లోకమే వచ్చినది. ఇప్పుడు వచ్చుచున్న పలుచని లాప్‌టాపులలోను, ఫోనులలోను మెమరీని పలకకే అతికించివేయుచున్నారు. మార్చుకొను గాడి తరుగుచున్నది. అందువలన మన బల్ల మీది పాత డెస్క్‌టాపు, ఎంత నెమ్మదిదైనను, యజమాని తన చేతితో విప్పి, లోపము నెరిగి, సరిచేసికొనగల యంత్రములలో మిగిలిన కొద్దివానిలో ఒకటి. ఈ ఆదివారము తండ్రియు కొడుకును కలిసి మూత విప్పి, దుమ్ము దులిపి, ఏ భాగము వద్ద పని నిలిచిపోవుచున్నదో పట్టికలో చూచి, ఆ తరువాత బజారునకు పోవలెనో, పోనక్కరలేదో నిశ్చయించుకొందురుగాక.